బొమ్మల సినిమానే కదా అని పెట్టేయకండి

అందరికీ నమస్తే. చిన్నపిల్లలకి ఏ సినిమా చూపించొచ్చని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇక్కడే చెప్పేస్తున్నా. రేటింగ్ ఒక్కటే చూసి ధైర్యంగా ఉండకండి. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో'కి అమెరికాలో జీ రేటింగ్, అంటే ఏ వయసు వాళ్ళయినా చూడొచ్చని. కానీ మొదటి ఐదు నిమిషాల్లోనే ఓ పెద్ద చేప దాడి చేస్తుంది. తల్లి చేప పోతుంది, గుడ్లలో ఒక్కటే మిగులుతుంది. మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. ఏడవలేదు. నా చున్నీ కొస నోట్లో పెట్టుకుని "వాళ్ళమ్మ ఎప్పుడొస్తుంది?" అని సినిమా అయ్యేదాకా అడుగుతూనే ఉంది.

రాక్షసుల్ని చూస్తే దానికి నవ్వు, అమ్మ కనపడకపోతే టెన్షన్. ఎవరి పిల్లలు దేనికి భయపడతారో రేటింగ్ ఇచ్చేవాళ్ళకేం తెలుసు?

ఇప్పుడు ముందు నేనొక్కదాన్నే చూస్తున్నా, కనీసం మొదటి పావుగంటా, చివరి పోరాటమూ. ట్రైలర్‌ని నమ్మను, జోకులన్నీ ఏరి అందులోనే పెడతారు. ఐదేళ్ళ లోపు వాళ్ళకి హాలు కన్నా ఇల్లే నయం, సౌండ్ తగ్గించొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు.

మీరేదైనా చూస్తే, భయపెట్టే సీను ఎన్నో నిమిషంలో ఉందో ఇక్కడ రాయండి ప్లీజ్.