ఆ గడిలో ఏం రాయమంటారు, మంత్రిగారూ?

రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. తెలుగు యూదుల పిల్లల చదువు గురించి మేం పెట్టిన అర్జీలన్నీ ఆన్‌లైన్‌లో ‘పరిష్కరించబడినది’ అని చూపిస్తున్నాయి. ఏం పరిష్కరించారో మాక్కూడా ఒక ముక్క చెబితే సంతోషిస్తాం. రసీదు ఉంది, నంబరు ఉంది, కింద ఎవరిదో సంతకం కూడా ఉంది. జవాబే లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. మేం వేర్వేరు మతాల పిల్లలున్న క్లాసులో పాఠం ఎలా చెప్పాలన్న దాని మీద పనిచేసే టీచర్లం, పరిశోధకులం.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం వాళ్లు, అంటే మాదిగ కుటుంబాల నుంచి వచ్చిన తెలుగు యూదులు, ఉన్నారని తమరికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1991 నుంచి అక్కడ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉంది. ఇంగ్లండ్‌లోని డరహమ్ యూనివర్సిటీకి చెందిన యూలియా ఎగోరోవా, ఆమెతో పాటు షాహిద్ పర్వేజ్ వాళ్ల మీద పరిశోధన చేసి 2013లో పుస్తకమే తెచ్చారు. విదేశంలో పుస్తకం వచ్చింది గానీ మన ఫారాల్లో మాత్రం ఆ పిల్లలకు ఇంకా గడి రాలేదు.

ఆ గడి సంగతే చెప్పాలి. బడిలో చేర్పించేటప్పుడు ‘మతం’ దగ్గర ‘యూదు’ అని రాశారనుకోండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. యూదులు అందులో లేరు. అంటే మాదిగ కుటుంబంలో పుట్టిన బిడ్డకు ఆ ఒక్క మాటతో ఎస్సీ సర్టిఫికెట్ చేజారుతుంది. బీసీ-సీ ఉంది కదా అంటారు. ఉంది, ఒక్క శాతం. కానీ అది క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలకు, వాళ్ల సంతానానికి. పోనీ మైనారిటీ కోటా చూద్దామా అంటే కేంద్రం గుర్తించినవి ఆరే: ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014లో చేరిన జైనులు. రెంటికీ చెడ్డ రేవడి అని మనవాళ్లు అంటారు. ఇక్కడ మూడింటికీ చెడింది.

మరి తల్లిదండ్రులు ఏం చేస్తారు? వాళ్ల చోట ఎవరున్నా చేసే పనే. పిల్లవాడి స్కాలర్‌షిప్ పోకుండా ఏది రాయాలో అది రాయిస్తారు. శుక్రవారం పొద్దుగూకే వేళకు ఇంట్లో షబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) దీపాలు వెలుగుతాయి, బడి రిజిస్టరులో మాత్రం ఇంకో మతం ఉంటుంది. రిజిస్టరులో ఎక్కింది టీసీలోకి వస్తుంది, ఆ టీసీ చూసి పై బడిలో మళ్లీ అదే ఎక్కిస్తారు. కుల ధ్రువీకరణకు వెళ్తే రెవెన్యూ వాళ్లు మొదట అడిగేదీ ఆ టీసీనే. పదేళ్లు పోయాక దాన్ని మార్చుకోవాలంటే, అప్పటిదాకా తీసుకున్నదంతా తప్పుడు హోదాతో తీసుకున్నారన్న నింద నెత్తిన పడుతుంది. అబద్ధం రాయించింది వాళ్లు కాదు, మీ ఫారం. ఈ మాట కొంచెం గట్టిగా అనిపిస్తే మన్నించండి, మెత్తగా చెప్పినవి ఇప్పటికే పరిష్కరించబడినవి.

‘వాళ్లు ఎంతమంది ఉన్నారండీ?’ అని కార్యాలయాల్లో అడుగుతుంటారు. తక్కువమందే. మైనారిటీ అంటే తక్కువమంది అనే కదా! 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద పార్సీలు 57,264 మంది. వాళ్లకు హోదా ఉంది, ఉండాలి కూడా. పైగా గడే లేకపోతే లెక్క ఎలా తేలుతుంది? లెక్క తేలలేదని గడి ఇవ్వరు. ఈ చక్రంలోంచి బయటపడే దారి తమరి సంతకం దగ్గరే ఉంది.

ఢిల్లీ వైపు చూపించకండి. ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మహారాష్ట్ర 2016లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది, గుజరాత్ 2018లో ఇచ్చింది. రెండు చోట్లా ఆకాశమేం ఊడిపడలేదు. జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్‌కు వెళ్దామంటే 2004 నాటి ఆ చట్టం కేంద్రం నోటిఫై చేసిన మతాలకే పనికొస్తుంది. కాబట్టి రాష్ట్ర జీవో ఒక్కటే దారి.

హోదా ఇస్తే యూదులకు వేరే బడి వస్తుంది, పిల్లలు విడిపోతారు అని ఇంకో మాట. కోల్‌కతా వెళ్లి చూడండి. అక్కడి జ్యూయిష్ గర్ల్స్ స్కూల్ 1881లో పెట్టింది. ఇప్పుడు అందులో చదివేది దాదాపు అందరూ ముస్లిం అమ్మాయిలే. ముంబైలో 1875లో మొదలైన సర్ ఎల్లీ కదూరీ స్కూల్లోనూ యూదుల పిల్లలకంటే ఇతర మతాల పిల్లలే ఎక్కువ. యూదుల బడి ఈ దేశంలో ఎవరినీ వేరు చేయలేదు.

గడి దొరికినంత మాత్రాన క్లాసులో పని అయిపోదు. ‘యూదులు’ అన్న మాట గుంటూరు జిల్లా పిల్లలకు బైబిలు నుంచే తెలుసు. గుడ్ ఫ్రైడే ముందు రోజుల్లో ‘యేసును చంపింది వీళ్లే’ అని ఒక పిల్లవాడు అంటే టీచరుకు ఏం చెప్పాలో తోచదు. ఒక జాతి మొత్తానికి ఆ నింద అంటగట్టకూడదని కేథలిక్ సభ 1965లోనే ప్రకటించింది. ఈ ఒక్క వాక్యం చేతిలో ఉంటే ఆ టీచరు గట్టెక్కుతాడు. ఆ వాక్యం వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లే లేరు. తొమ్మిదో తరగతిలో నాజీజం పాఠం వస్తుంది. అరవై లక్షల మంది యూదుల హత్య అందులోనే. కఠినంగా ఉండే హెడ్‌మాస్టరుకు పిల్లలు పెట్టే పేరు హిట్లర్, అదే వాళ్లకు ముద్దు. శిక్షణ లేని టీచరు రెండు పొరపాట్లు చేస్తాడు. పిల్లల్ని గార్డులుగా, ఖైదీలుగా నిలబెట్టి నాటకం వేయిస్తాడు, లేదా శవాల ఫొటోలతో మొదలుపెడతాడు. ఈ పాఠం మీద దశాబ్దాలుగా పనిచేసినవాళ్లు రెండూ వద్దంటారు. నాటకంలో పిల్లలకు మిగిలేది ఆట, ఫొటోల్లో మిగిలేది భయం. యుద్ధానికి ముందు ఆ మనుషుల బడి, దుకాణం, పండగ చూపించి మొదలుపెట్టాలి. మూడో పొరపాటు ఇంకా మామూలుది: క్లాసులో ఒక్క యూదు పిల్లవాడుంటే ‘లే, మీ మతం గురించి చెప్పు’ అనడం. పదమూడేళ్ల పిల్లవాణ్ణి మూడు వేల ఏళ్లకు ప్రతినిధిని చేసి నిలబెడితే మర్నాడు బడికి రాడు.

దీనికి ఒకరోజు శిక్షణ చాలదని జెరూసలేం అనుభవమే చెబుతోంది. యూదు, అరబ్బు పిల్లలు కలిసి చదివే ద్విభాషా బడులను హీబ్రూ యూనివర్సిటీకి చెందిన జ్వీ బెకర్‌మన్ ఏళ్ల తరబడి గమనించారు. 1998లో మొదలైన ఆ బడుల్లో క్లాసుకు ఇద్దరు టీచర్లు, ఒకరు హీబ్రూలో, ఒకరు అరబిక్‌లో. అంత చేసినా బయట అధికారం ఏ భాషదో లోపలా దానిదే పైచేయి. అరబ్బు పిల్లలకు రెండూ వస్తాయి, యూదు పిల్లల అరబిక్ వెనకబడుతుంది. మత పండగలు కలిసి చేసుకోవడం తేలికే, జాతీయ దినాల దగ్గరే చిక్కు. 2014 నవంబరు 29న జెరూసలేం బడిలో ఒకటో తరగతి గదికి నిప్పు పెట్టారు. ఇద్దరు టీచర్లున్నచోట సంగతి అది. మన టీచర్ల కాంప్లెక్స్ మీటింగులో ‘సర్వమత సమానత్వం’ అని ఒక స్లైడు వేస్తారు, తర్వాత టీ ఇస్తారు.

ఖర్చు లేని పాఠాలూ ఉన్నాయి. గోడ మీది పంచాంగం, యూదుల క్యాలెండరు, ముస్లింల క్యాలెండరు మూడూ బల్ల మీద పరిచి పిల్లల చేత లెక్క కట్టించండి. పంతొమ్మిది సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలు: పంతొమ్మిది పన్నెండ్లు 228, పైన ఏడు. యూదుల లెక్కలో ఆ ఏడూ ఎప్పుడూ అదార్ నెల దగ్గరే కలుస్తాయి, మన అధిక మాసం సూర్య సంక్రమణాన్ని బట్టి వేర్వేరు నెలల్లో పడుతుంది. ఇస్లామిక్ క్యాలెండరులో కలపడమే ఉండదు, అందుకే రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుంది. ఒక గణితం పీరియడు చాలు, ఎవరూ లేచి నిలబడి తమ మతం చెప్పుకోనక్కర్లేదు. ఇలాంటివి పది పాఠాలు కలిపి టీచర్లకు చిన్న పుస్తకం వేయమని ఎస్‌సీఈఆర్‌టీని (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలిని) అడగడం అత్యాశా?

శనివారం సంగతి ఒక్క మాటలో. షబ్బాతు నియమం ప్రకారం శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా రాయకూడదు. అన్ని కుటుంబాలూ అంత కచ్చితంగా పాటించకపోవచ్చు. పాటించే పిల్లవాడు శనివారం యూనిట్ టెస్టుకు కలం పట్టలేడు. అడిగిన పిల్లలకు సోమవారం రాయనిస్తే ఎవరి సొమ్ము పోతుంది? యూదుల యోం కిప్పూర్ ఉపవాసం 2025లో అక్టోబరు 2న, గాంధీ జయంతి, దసరా ఉన్న రోజునే వచ్చింది, సెలవు దానంతటదే దొరికింది. 2026లో అది సెప్టెంబరు 21, సోమవారం. ఐచ్ఛిక సెలవుల జాబితాలో ఒక వరుస చేర్చాలి, అంతే.

కాబట్టి మా విన్నపం: యూదులను రాష్ట్ర మైనారిటీగా గుర్తిస్తూ జీవో ఇవ్వండి. ఫారాల్లో ఆ గడి పెట్టండి. ఇంతకాలం వేరే మతం రాయించుకున్న పిల్లల మీద చర్య ఉండదని ఆ జీవోలోనే రాయండి, లేకపోతే ఒక్కరూ ముందుకు రారు. టీచర్ల పుస్తకం మేం రాసిస్తాం, డబ్బు కూడా అడగం, అచ్చు వేయించండి చాలు. ఎస్సీ సంగతి పార్లమెంటు చేతిలో ఉందని మాకూ తెలుసు. తమరి చేతిలో ఉన్నదే అడుగుతున్నాం. జీవో ఇవ్వండి.

భవదీయులు,
కొందరు టీచర్లు, విద్యా పరిశోధకులు

ప్రతి: పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి. ఈ ఫైలు మీ శాఖదా, వారి శాఖదా అన్నది మీరిద్దరూ ఒకచోట కూర్చుని తేల్చుకుంటారని.