శనివారం హైక్: లేక్ ఇసబెల్

అందరికీ నమస్తే. కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ రద్దీ వద్దనుకున్నాం కదా, దానికి ఆనుకుని దక్షిణాన ఉన్న ఇండియన్ పీక్స్ విల్డర్‌నెస్ అనే రక్షిత అటవీ ప్రాంతానికి వెళ్దాం. బ్రెయినార్డ్ లేక్ దగ్గర బండ్లు పెట్టుకుని లాంగ్ లేక్ మీదుగా ఇసబెల్ దాకా. రానూపోనూ 4 మైళ్ల పైచిలుకే, కానీ మొదలే 10,500 అడుగుల ఎత్తులో. మాట్లాడుతూ నడిస్తే ఆయాసం వస్తుంది, తొందరేం లేదు.

లాంగ్ లేక్ పక్కన పొదల్లో మూస్‌లు, అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పులు, మేస్తుంటాయి. పోయినసారి ఒకటి దారికి పది అడుగుల్లో నిలబడి, తడి ఆకులు నములుతూ మావైపే చూసింది. చెవులు వెనక్కి వాల్చిందంటే కోపమొచ్చినట్టే, ఫోన్ జేబులో పెట్టి వెనక్కి రండి. ఫోటో తర్వాత.

ఓపికున్నవాళ్లు పైన పానీ పాస్ అనే కనుమ దాకా వెళ్లొచ్చు. అది 12,500 అడుగుల పైనే. చెట్టన్నది ఉండదు, ఉరుములొస్తే దాక్కోడానికి చోటు లేదు. నిరుడు మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఇరుక్కుని రాళ్ల మీద పరిగెత్తాం, నా మోకాలు ఇంకా మర్చిపోలేదు. అందుకే ఈసారి పన్నెండయ్యేసరికి అందరూ కిందకి దిగడం మొదలుపెట్టాలి.

వేసవిలో అక్కడ పార్కింగ్‌కి ముందే టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. ఎవరి కారులో ఎంతమందో గురువారంలోపు చెప్పండి, బుకింగ్ నేను చూసుకుంటా. కుక్కని తెచ్చేవాళ్లు తాడు మర్చిపోకండి, అక్కడ రూల్ అది. రెయిన్ జాకెట్ మాత్రం ఎండగా ఉన్నా తెచ్చుకోండి.