‘అక్కడక్కడా’ అంటే ఎక్కడండీ?

సంపాదకులు గారికి,

పోయిన గురువారం మీ మొదటి పేజీలో ‘నిప్పుల కొలిమి’ అని అరచేతి మందాన అక్షరాలు వేశారు. అదే రోజు ఆరో పేజీ మూలన ‘పిడుగులతో వాన’ అని చిన్న వార్త. రెండూ మా పల్నాడుకే. ఏది నమ్మాలో తేల్చుకునేలోపు సాయంత్రమైంది, కల్లంలో మిర్చి తడిసింది. రెండు వార్తలూ నిజమేనన్నమాట!

ఎండా వానా ఒకే రోజు రావడంలో వింతేం లేదు. వాయవ్యం నుంచి పొడిగాలి, బంగాళాఖాతం మీదుగా తేమగాలి వచ్చి కలిసేచోట పగలంతా నేల కాలితే సాయంత్రానికి క్యుములోనింబస్ మబ్బు, అదే ఉరుములు పిడుగులతో కురిసే మబ్బు, లేస్తుంది. వేసవిలో ఏటా చూసేదే. ఈ రెండు ముక్కలు ఆ ‘కొలిమి’ కిందే రాసుంటే పొద్దున్నే బరకాలు సిద్ధం చేసుకునేవాళ్లం.

ఇక ‘అక్కడక్కడా’ సంగతి. వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్‌లో ఐసొలేటెడ్ అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా, స్కాటర్డ్ అంటే 26 నుంచి 50 శాతం చోట్ల. మీ దగ్గరికొచ్చేసరికి రెండూ ‘అక్కడక్కడా’ అయిపోతాయి. వాళ్ల లెక్కలో ‘భారీ’ అనాలంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడాలి. మీకు వీధి కాలువ పొంగితే చాలు.

‘రానున్న 24 గంటల్లో’ అని రాస్తారు. ఎప్పటినుంచి? శాఖవారి రోజు ఉదయం 8.30కి మొదలై మర్నాడు 8.30కి ముగుస్తుంది. వాళ్లు నిన్న మధ్యాహ్నం చెప్పింది మీరు రాత్రి అచ్చేస్తే మా ఊరికి ఏడున్నరకు చేరుతుంది, అదీ పేపరు కుర్రాడికి ఒంట్లో బాగుంటే. ఆ 24లో మాకు మిగిలేవెన్నో మీరే చెప్పండి.

మిమ్మల్నొక్కరినే అనడం ఎందుకులెండి. మా దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయం గోడకు ‘వాతావరణ హెచ్చరికలు’ అని నల్లబోర్డు ఉంది. నిరుటి వానాకాలంలో సుద్దముక్కతో రాసిన అల్పపీడనం దాని మీద ఇంకా బలపడుతూనే ఉంది. అడిగితే పైనుంచి ఆదేశాలు రావాలన్నారు. పైనుంచి వాన వచ్చింది గానీ ఆదేశం రాలేదు. వాతావరణ అంచనాలు మెరుగుపరచడానికి ‘మిషన్ మౌసం’ అని 2024లో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో పథకం పెట్టింది. కొత్త రాడార్లు వస్తాయట, మంచిదే. మా బోర్డుకు సుద్దముక్క ఎవరిస్తారు?

మీరు చేయగలిగింది ఒకటుంది. బులెటిన్ ఎన్ని గంటలకు ఇచ్చారో, ఎప్పటిదాకా వర్తిస్తుందో వార్త కింద వేయండి. జాగా లేదంటారేమో. ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళ్లే అమ్మాయిల ఫొటో మూడేళ్లుగా అదే వేస్తున్నారు, దాన్ని రెండంగుళాలు తగ్గించండి.

– మీ పాఠకుడు, మిర్చి రైతు
పల్నాడు జిల్లా