పొగడపూల సీసా

హైదరాబాదు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రఘూ,

ఉగాదికే రాయవలసిన ఉత్తరం ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసా. అమ్మాయి పరీక్షలు అయిపోయాయి, నాన్నగారి మోకాలి నొప్పి కొంత నెమ్మదించింది. తక్కిన విశేషాలు మరోసారి. ఇప్పుడు నీకు చెప్పకుండా ఉండలేనిది ఒక్కటే: నా పోపూరీ (ఎండు పూలతో చేసే సుగంధ మిశ్రమం) కుదిరింది! ఫోనులో ఆ మాట వినగానే నువ్వు "పూరీకి పోపెందుకు?" అని అడిగిన రోజు నుంచి మా ఇంట్లో ఆ సీసాను అందరూ పూరీపోపు అనే పిలుస్తున్నారు.

మొదటి సీసా పాడైంది. గుడిమల్కాపూర్ మార్కెట్టులో గులాబీలు కొని, రేకులు విడదీసి ఆరబెట్టి, పైకి ఎండినట్లు కనిపించగానే మూడోనాడే సీసాకెత్తాను. వారం తిరిగేసరికి అడుగున తెల్లటి బూజు! ఫ్రెంచిలో 'పోపూరీ' అనే మాటకు 'కుళ్ళిన కుండ' అనే అర్థం. అక్కడ పూర్వం సగం ఎండిన రేకులను ఉప్పుతో పొరలు పొరలుగా వేసి జాడీలో మాగబెట్టేవారు. ఉప్పు లేని పద్ధతిలో మాత్రం రేకు చేతిలో నలిపితే గలగలలాడుతూ పొడి కావాలి. మల్లెలు కూడా ఎండబెట్టి చూశాను కానీ, రంగు మాడి, వాసన పూర్తిగా పోయింది.

అప్పుడు రాజోలులో మీ పెరటి పొగడచెట్టు గుర్తుకు వచ్చింది. ఇక్కడ మా పార్కులో కూడా ఒక పొగడ ఉంది. తెల్లవారుజామున వెళ్ళి, నేల మీద రాలిన పూలను జేబురుమాలులో ఏరుకొని వచ్చాను. నక్షత్రం వంటి ఆ చిన్న పువ్వుకు, దారం ఎక్కించడానికే అన్నట్లు, నడిమిన రంధ్రం ఉంటుంది కదా! ఎండకు పెడితే రంగూ పరిమళమూ పోతాయని నీడలోనే, పాత పంచె మీద పది రోజులు ఆరబెట్టాను.

రెండు గుప్పెళ్ళ పొగడపూలకు ఒక గుప్పెడు గులాబీ రేకులు, కొంచెం ఎండు మరువం, దవనం, నారింజ తొక్కలు, ఎనిమిది లవంగాలు చేర్చాను. అసలు కీలకం వేళ్ళలో ఉంది: వట్టివేళ్ళను సన్నగా కత్తిరించి, గంధకచ్చూరాలను కచ్చాపచ్చాగా దంచి కలిపాను. వాటి తైలాలు నెమ్మదిగా ఆవిరవుతాయి కనుక త్వరగా ఎగిరిపోయే పూల వాసనను కూడా పట్టి ఉంచుతాయి. పాశ్చాత్యులు ఇందుకు ఐరిస్ మొక్క వేరును వాడుతారు. మన వట్టివేరు నాకు అంతకన్నా ఇష్టం. గట్టిగా మూతపెట్టి, రోజూ ఒకసారి కుదుపుతూ నాలుగు వారాలు ఆగాను.

నిన్న రాత్రి మూత తీశాను. ముందుగా లవంగం, ఆ తరువాత తడిమట్టి లాంటి వట్టివేరు, ఆ వెనుక ఎక్కడి నుంచో మీ నాయనమ్మగారి ట్రంకుపెట్టె! చీరల మడతల్లో ఆవిడ దాచిన పొగడదండ వాసన ఇదే కదరా? మనం సెలవులకు వెళ్ళినప్పుడు ఆ నీలం పెట్టె తెరిచి... అక్కడ దొరికిన నాలుగణాల సంగతి మనిద్దరికే తెలుసు. ఆవిడ ఇప్పుడు ఉండి ఉంటే, ఈ సీసా చేతికిచ్చి...

ఒక చిన్న సీసా నీకు పార్సిలు కట్టాను. వెడల్పాటి గిన్నెలో పోసి గాలి తగిలే చోట పెట్టు, కానీ ఎండ తగలనీయకు. పరిమళం తగ్గినప్పుడు చేత్తో ఒకసారి కలిపి, రెండు లవంగాలు నలిపి వెయ్యి. పార్సిలు తీసుకువెళ్ళే కుర్రవాడు గేటు దగ్గర పిలుస్తున్నాడు. ఉంటాను.

నీ
శ్రీను