ఎల్బే ఒడ్డున ఏటి పండగ

డ్రెస్డెన్, జర్మనీ,
19-1-2025, ఆదివారం.

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు, నాన్న, అన్నయ్య, వదిన, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను. నాన్న మోకాలి సంగతి అన్నయ్యను అడిగితే "అలాగే ఉంది" అన్నాడు. అంటే తగ్గలేదనే కదా. మెట్లు ఎక్కి మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోయడం ఆయనే చేస్తున్నారా ఇంకా? పిల్లలు ఏం చేస్తున్నారు?

మంగళవారం, సంక్రాంతి నాడు ఫోను చేసి, భోగిని, ఏటి పండగను శనివారాలకు జరుపుకుంటున్నామని చెబితే, నువ్వు "పండగను కూడా శనివారానికి వాయిదా వేసుకునేవాళ్లను నేనెక్కడా చూడలేదు నాయనా" అని ఫోను వదినకు ఇచ్చేశావు. తర్వాత రెండుసార్లు చేశాను. ఒకసారి గుడికి వెళ్లావన్నారు, ఇంకోసారి నిద్రపోతున్నావన్నారు. పగలు పదకొండింటికి నువ్వు నిద్రపోవడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని కూడా మధ్యలో వదిన చేతికి ఇచ్చేస్తావేమో, ఇచ్చినా సాయంత్రానికి మళ్లీ తీసుకుంటావని నాకు తెలుసు.

ముందు బాంబు సంగతి. అన్నయ్య ఎక్కడ చూశాడో కానీ మీ అందరినీ కంగారు పెట్టాడు. పోయిన సెప్టెంబరులో ఎల్బే నది మీద కరోలా వంతెన ఒక ముక్క తెల్లవారుజామున కూలిపోయిందని చెప్పాను కదా, ఆ శిథిలాలు తీస్తుంటే ఈ నెల 8న రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు బయటపడింది. 250 కిలోలది. చుట్టుపక్కల దాదాపు పదివేల మందిని ఇళ్లు ఖాళీ చేయించి, మర్నాడు దాన్ని పేలకుండా చేశారు. మా ఇల్లు అక్కడికి దూరం. 1945లో ఈ ఊరిని విమానాలతో వచ్చి తగలబెట్టారు, ఆనాటివి ఇప్పటికీ అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. మన దగ్గర బోరు వేస్తే నీళ్లు పడాలని దండం పెట్టుకుంటాం, వీళ్లు తవ్వేటప్పుడు బాంబు పడకూడదని పెట్టుకుంటారు. అంతే తేడా. దీనికోసం పెంచలకోనకు మొక్కుకోవద్దు. మొక్కుకుని ఉంటే మేము వచ్చినప్పుడు తీరుద్దాం.

ఆఫీసు మామూలే. ఇప్పటి పని మార్చి దాకా, ఆ తర్వాత ఇంకొకటి ఇస్తామన్నారు.

ఇక శనివారం సంగతి. ఇక్కడ క్రిస్మస్‌కు ఇంటింటా నిజం చెట్టు కొనుక్కొచ్చి నట్టింట్లో పెడతారు. జనవరి 6 దాటిందంటే ఆ చెట్లన్నీ ఎండిపోయి వీధిన పడతాయి. మా పేటలో జీతం లేకుండా పనిచేసే అగ్నిమాపక దళం ఒకటి ఉంది. వాళ్లు ఆ చెట్లను ఒకచోట కుప్ప వేసి, ఒక శనివారం సాయంత్రం తగలబెడతారు. మంట ఆర్పాల్సినవాళ్లే దగ్గరుండి వెలిగిస్తారు, ఊరంతా వచ్చి చుట్టూ నిలబడుతుంది. నీ కోడలు వచ్చిన మొదటి శీతాకాలంలో బస్సులోంచి ఆ మంట చూసి "భోగి!" అని అరిచింది. బస్సులో అందరూ మా వైపు తిరిగారు. ఆ రోజే అనుకున్నాం, వచ్చే ఏడు మన భోగి ఇక్కడేనని.

ఈసారి అది 11న పడింది. అసలు భోగి 13న, సోమవారం. వాళ్ల మంట మన కోసం రెండు రోజులు ఆగదు కదా. కింద అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ చెట్టును మేమే మోసుకుపోయాం. మెట్లన్నీ సూదుల్లాంటి ఆకులే, ఊడ్చేసరికి నా నడుము పోయింది. విరిగిన కుర్చీ కాలు కూడా వేద్దామని పట్టుకెళ్తే, రంగు పూసిన కర్ర వేయకూడదని వెనక్కి పంపారు. నీ కోడలు మాత్రం పాత క్యాలెండరును చెట్టు కొమ్మల మధ్య దోపేసింది. నెల్లూరు నుంచి తెచ్చుకున్న 2024 క్యాలెండరు. నువ్వు అడగబోయే మాట నాకు తెలుసు. వెంకటేశ్వరస్వామి బొమ్మను ముందే కత్తిరించి దాచింది. తిథులు, వర్జ్యాలు మాత్రమే కాలాయి.

చలి సున్నాకు కాస్త అటూ ఇటూ. మంట ముందు ముఖం కాలుతోంది, వీపు గడ్డకడుతోంది. చిన్నప్పుడు మన వీధిలో తెల్లవారుజామున అవ్వ నన్ను దుప్పటితో సహా లేపుకొచ్చి మంట ముందు నిలబెట్టేది. ఇక్కడ మంట సాయంత్రం, అయినా నాకు నిద్ర కళ్లు వచ్చాయి.

ఇందులో తప్పేముందో నాకు అర్థం కాలేదమ్మా. పండగ రోజు పండగే అంటావు, సరే. బడి పుస్తకంలో సంక్రాంతికి కొత్త ధాన్యం ఇంటికి వస్తుందని రాసి ఉండేది. మన కోవూరు మాగాణిలో ఏనాడైనా వచ్చిందా? పండక్కి మన పైరు పచ్చగా మోకాళ్ల దాకా ఉంటుంది. కోతలు మార్చిలో. పంతులుగారు చెప్పింది విని ఇంటికొచ్చి అడిగితే, "కొత్త బియ్యం చేతికొచ్చిన నాడు మనకు ఇంకో పండగ" అంది అవ్వ. అప్పుడు నువ్వు పక్కనే నవ్వావు. ఇప్పుడు నేను అదే చేస్తే ఫోను పెట్టేస్తున్నావు.

కోపం తెచ్చుకుని రాయడం లేదు. ఈ పేరా నీ కోడలు చదివి కొట్టేయమంది. కొట్టేయలేదు.

అరిసెలు చేశాం. బియ్యం నానబెట్టడం, పిండి పట్టడం వరకు బాగానే సాగింది. బెల్లం అరవ వాళ్ల కొట్లో దొరికింది. పాకం దగ్గరే వచ్చింది తంటా. ఒంగోలులో నీ కోడలి అమ్మ చెప్పే పాకం వేరు, నువ్వు చెప్పే పాకం వేరు. నీళ్లలో వేస్తే ఉండ కట్టాలని మీ ఇద్దరూ అంటారు కానీ, ఎంత గట్టి ఉండో ఎవరూ చెప్పరు. మొదటి వాయి నూనెలో విడిపోయి అట్టడుగున ఇసుకలా మిగిలింది. ఆ పొగకు గది పైకప్పుకు బిగించిన పొగ గంట మోగింది. కిందనుంచి పెద్దావిడ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. తలుపు తీసేసరికి నేను కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతున్నాను. రెండో వాయి నిలబడింది. నువ్వు పెట్టిచ్చిన ఉదయగిరి చెక్క గరిటెలు రెండింటి మధ్య పెట్టి నూనె నొక్కే పని నాది. పెద్దావిడకు నాలుగు ఇచ్చాం. వాళ్లు క్రిస్మస్‌కు చేసుకునే లెబ్‌కూహెన్‌లా ఉందంది. మర్నాడు ఖాళీ డబ్బా తిరిగి ఇస్తూ ఇంకా ఉన్నాయా అని అడిగింది.

అక్క కొడుకు పరీక్షలు ఎప్పటి నుంచి? ఒకసారి నాతో మాట్లాడించు. లెక్కలంటే భయపడుతున్నాడని విన్నాను.

మంగళవారం నేను చెప్పబోయి ఆగిపోయిన మాట ఇంకొకటి ఉంది. నేను చెప్పేలోపే ఫోను చేతులు మారింది. అన్నిటినీ శనివారానికి జరపలేదు. పెద్దలకు పెట్టుకోవడం మంగళవారమే, సంక్రాంతి నాడే పెట్టాం. నాలుగున్నరకు లేచి తలంట్లు పోసుకున్నాం. ఇక్కడ ఇప్పుడు ఎనిమిదింటికి కానీ తెల్లారదు, కాబట్టి అంతా దీపం వెలుతురులోనే. విద్యుత్ పొయ్యి మీద పాలు పొంగించాం. పొంగు ఏ దిక్కుకు పడిందా అని నీ కోడలు ఫోనులో దిక్సూచి తీసి చూసింది. తూర్పుకే పడింది, ఆ చోటు తుడవనివ్వలేదు నన్ను. అవ్వది, తాతది ఫొటోలు పెట్టాం. తాతకు పంచె. అవ్వకు చీర.

ఆ చీర నీకు గుర్తుందా? 2021 డిసెంబరులో వచ్చినప్పుడు వెంకటగిరిలో అవ్వకు కొన్నాను. ఉగాదికి కడతానని బీరువాలో పెట్టుకుంది, ఉగాది దాకా ఉండలేదు. పెళ్లయ్యాక మేము బయలుదేరేటప్పుడు నువ్వే దాన్ని నీ కోడలి పెట్టెలో అడుగున సర్దావు. నాకు చెప్పలేదు. ఆదివారం రాత్రి తను తీసి చూపిస్తే తెలిసింది.

అన్నయ్య అక్కడ పెడుతున్నాడు, మళ్లీ నువ్వెందుకు పెట్టావంటావేమో. వేరుపడిన అన్నదమ్ములే ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకుంటారని మన పెదనాన్న వాళ్లప్పుడు నువ్వు అనడం విన్నాను. మేము వేరుపడలేదమ్మా. అలాంటి ఉద్దేశం నా మనసులో లేదు, తన మనసులో అసలే లేదు. ఆ పొద్దున ఖాళీ గోడ చూస్తూ కాఫీ తాగి ఆఫీసుకు వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు, అంతే. తప్పయితే అయ్యవారిని అడిగి చెప్పు, వచ్చే ఏడు అన్నయ్య పెట్టే వేళకు ఇక్కడ దండం మాత్రం పెట్టుకుంటాం.

గొబ్బెమ్మలను ఏటిలో కలిపి ఒడ్డునే కూర్చుని తినే మన ఏటి పండగ నిన్న శనివారం చేసుకున్నాం. రంగనాయకస్వామి గుడి వెనక పెన్నలో మన చాప వేసే చోటు ఉంటుందే, మునుపు నాన్న పొద్దున్నే వెళ్లి పంచె పరిచి ఆపి ఉంచే చోటు, అక్కడ ఈసారి మీరు కూర్చున్నారా? అన్నయ్య పంపిన ఫొటోలో జనం తప్ప ఏమీ తెలియలేదు. ఇక్కడ ఎల్బేకు రెండు పక్కలా పెద్ద గడ్డి బీడు, ఇల్లు కట్టరు, నీళ్లు పొంగితే పారడానికి వదిలేశారు. అది చూసినప్పుడల్లా 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది గుర్తొస్తుంది నాకు.

ఆవుపేడ దొరకదు కదా. గోధుమపిండిలో పసుపు కలిపి గొబ్బెమ్మలు చేసింది. గుమ్మడి పువ్వుకు బదులు పసుపుపచ్చ తులిప్ పువ్వు. జనవరిలో ఇక్కడ ప్రతి అంగడిలో ఆ పూలే. ఒడ్డున వరసగా పెట్టి ఫొటో తీద్దామని నేను చేతి తొడుగు విప్పేలోపు ఒక బాతు వచ్చి పెద్ద గొబ్బెమ్మను ఎత్తుకుపోయింది. ఏటిలో కలిసింది కదా, ఏ దారిన కలిస్తే ఏం అంది నీ కోడలు.

తినడానికి పులిహోర, పెరుగన్నం, చేపల పులుసు. గొబ్బెమ్మల పక్కన చేపలేమిటంటావు. దూరంగా, ఇంకో బల్ల మీద కూర్చుని తిన్నాం. ఇక్కడివాళ్లు క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ బంగారుతీగ చేప తింటారు, దాని పొలుసు ఒకటి పర్సులో పెట్టుకుంటే ఏడాదంతా డబ్బు నిలుస్తుందని నమ్ముతారు. అదే చేపతో శుక్రవారం రాత్రి పులుసు పెట్టాం. ముల్లు ఎక్కువ, మన కొరమీను రుచి రాదు. మామిడికాయ గడ్డకట్టిన ముక్కల పొట్లంలోది. "మీ నెల్లూరు వాళ్లకు మామిడికాయ పడకపోతే చేప కూడా చేప కాదు" అని సణుగుతూనే వేసింది. మర్నాటికి ఊరింది, ఫ్లాస్కులో పోసుకెళ్లాం. మూత తీయగానే ఆవిరి, ఆ వాసన. కుక్కను నడిపిస్తున్న ఒకాయన ఆగాడు, ఆయన కుక్క అసలే కదల్లేదు.

నీ కోడలు కోటు లోపల అవ్వకు కొన్న ఆ చీర కట్టుకుంది. బూట్ల పైన రెండు వేళ్ల మేర అంచు మాత్రం కనిపించింది. ఫొటోలో అది పడలేదు, అందుకే రాస్తున్నాను.

ఏటా ఇలాగే చేద్దామనుకుంటున్నాం. ఊరికి రాలేని ఏడాది చెట్ల మంట, ఏటి ఒడ్డు. వచ్చిన ఏడాది మన వీధి, మన పెన్న. ఈసారి ఎందుకు రాలేదో మళ్లీ చెప్పను. తనకు ఫిబ్రవరిలో భాష పరీక్ష, అది గట్టెక్కకపోతే ఉద్యోగం వెతుక్కోవడం కష్టం. నువ్వు వదిన ద్వారా అడిగించిన ఇంకో విషయానికి జవాబు, ఇప్పుడప్పుడే కాదు. ఉన్నప్పుడు ముందు నీకే చెబుతాం.

నిమ్మకాయ ఊరగాయ అడుగుకు వచ్చింది. ఎవరైనా వస్తుంటే చిన్న సీసా చాలు, పెద్దది పంపి వాళ్లను ఇబ్బంది పెట్టొద్దు. అవ్వ ముగ్గుల పుస్తకం అటక మీద ఉండాలి. దాన్ని పంపొద్దు, పోతుంది. వదినతో పేజీ పేజీ ఫొటో తీయించు. రథం ముగ్గు ఎన్ని చుక్కలో మా ఇద్దరికీ పంతం పడింది.

ఈ ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోపు ప్రతి ఆదివారం మీకు మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను చేస్తాను. అది నువ్వు పడుకునే వేళ కాదు.

నీ
చిన్నబ్బాయి