బస్తీ దవాఖానాల్లో చిగుళ్లనూ చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం వస్తే వడదెబ్బ గురించి, వానలు పడితే డెంగీ గురించి మీ పత్రికలో పేజీల కొద్దీ రాస్తారు. అవసరమే. కానీ ఏడాది పొడుగునా జనాన్ని పట్టి పీడించే ఒక బాధ గురించి ఎక్కడా కనిపించదు. చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటాయి. చిగుళ్లు జారిపోయి పళ్లు పొడుగ్గా కనబడతాయి. దీన్ని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. ఆస్పత్రికి వెళ్లాల్సిన విషయమనీ అనుకోరు. ‘వయసు మీద పడ్డాక అంతే’ అని సరిపెట్టుకుంటారు.

నాకు యాభై దాటాయి, షుగర్ ఉంది. కుడివైపు నమలడం మానేసి చాలా కాలమైంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ ముట్టుకోను. చింతకాయ పచ్చడి నాలుగు రోజులు వరసగా తింటే ఐదో రోజు అన్నం కూడా నమలలేను. చలికాలం పొద్దున ఆటోలో వెళ్తుంటే, నోరు తెరిచి మాట్లాడినప్పుడు గాలి తగిలినా చాలు, నరం లాగినట్టు ఉంటుంది. ఈ బాధ పడనివాళ్లకు ఇది చిన్న విషయంగానే కనిపిస్తుంది. పడేవాళ్లకు తిండి మీదే భయం పుడుతుంది.

ఎందుకిలా అవుతుందో నాకు ఒక డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. పంటి పైభాగానికి ఎనామిల్ అనే గట్టి పూత ఉంటుంది. వేరుకు ఆ రక్షణ లేదు, చిగురే దాన్ని కప్పి కాపాడాలి. చిగురు జారిందంటే వేరు బయటపడుతుంది. దాని మీద ఉండే పల్చని పొర త్వరగానే అరిగిపోతుంది. లోపల డెంటిన్‌లో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు ఉంటాయి. చల్లదనమో పులుపో తగిలితే వాటిలోని ద్రవం కదులుతుంది, నరం జివ్వుమంటుంది. పోయిన చిగురు దానంతటది మళ్లీ పెరగదు. అందుకే మొదట్లోనే చూపించుకోవాలని వైద్యులు మొత్తుకునేది.

మరి మొదట్లో చూసేదెవరు? నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఇది అడగడానికే.

మా గల్లీలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె ఒకరోజు పెదవి పక్కకు లాగి నాకు తన పన్ను చూపించింది. చిగురు దగ్గర, పంటి మొదట్లో, గోరు పెడితే ఆగేంత గాడి పడి ఉంది. ఎర్ర పళ్లపొడిని వేలితో గట్టిగా రుద్దడం చిన్నప్పటి నుంచి అలవాటట. ఇంట్లో ఉన్న ఒక్క బ్రష్షూ కుచ్చులన్నీ విచ్చుకుపోయి చీపురులా ఉందని చెప్పింది. కింది పళ్ల వెనక గార పసుపుపచ్చగా గడ్డకట్టి ఉంది. ‘క్లీనింగ్ చేపించుకో’ అన్నాను. ‘చేపిస్తే పండ్లు కదులుతయంట గద అక్కా’ అంది.

ఈ మాట నేను ఈ నగరంలో చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. పాచి పేరుకుపోయి గారగా గట్టిపడితే చిగుళ్లు వాచి, రక్తం కారి, లోపల ఎముక కరగడం మొదలవుతుంది. పన్ను అప్పటికే వదులై ఉంటుంది. ఆ గారే దాన్ని పట్టి ఉంచినట్టు కనిపిస్తుంది. గార తీసేశాక పళ్ల మధ్య సందులు బయటపడతాయి, కొన్ని రోజులు జివ్వుమంటుంది కూడా. దాంతో క్లీనింగే పన్ను చెడగొట్టిందని నమ్ముతారు. నిజానికి గార తీయకపోతేనే పన్ను ఊడేదాకా వస్తుంది. ఈ ఒక్క అపోహ పోగొట్టినా ఎంతో మేలు జరుగుతుంది. మీ ఆరోగ్య పేజీలో దీని గురించి ఒకసారి కాదు, పదేపదే రాయాలి.

సెన్సిటివ్ అని రాసి ఉన్న పేస్టులు పని చేయవని కాదు. వాటిలో చాలావాటిలో ఉండే పొటాషియం నైట్రేట్ నరాన్ని నెమ్మదింపజేస్తుంది. స్టానస్ ఫ్లోరైడ్ లాంటివి ఆ గొట్టాల మూతులు మూస్తాయి. కాకపోతే రెండు నుంచి నాలుగు వారాలు మానకుండా వాడాలి. నురగ ఉమ్మేశాక నోటినిండా నీళ్లు పోసి పుక్కిలిస్తే మందంతా కొట్టుకుపోతుంది. మెత్తని బ్రష్ వాడాలి, రుద్దుడు తగ్గించాలి. పుల్లటివి తిన్న వెంటనే కాకుండా అరగంట ఆగి తోముకోవాలి. ఇవి నాకు ఉపశమనం ఇచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కూడా మంచిదే. కానీ చిగురు కింద దాగిన గారను ఏ పేస్టూ తీయలేదు. పేస్టు వాడగా వాడగా జివ్వుమనడం తగ్గి, లోపల జబ్బు ముదురుతున్నా తెలియకుండా పోయే ప్రమాదం ఉంది.

పేదవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటు క్లినిక్‌లో క్లీనింగ్ అంటే వాళ్లకు మోయలేని ఖర్చే. ఆరోగ్య బీమాలో పంటి వైద్యం, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలితే తప్ప, సాధారణంగా రాదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అక్కడి వైద్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ కుషాయిగూడ నుంచి, చర్లపల్లి నుంచి ఒక కూలీ మనిషి అక్కడికి వెళ్లి, ఓపీ చీటీ తీసుకుని, వరసలో నిలబడి, తిరిగి వచ్చేసరికి ఆ రోజు కూలి పోయినట్టే. ముదిరిన చిగుళ్ల జబ్బుకు లోతుగా చేసే క్లీనింగ్ ఒక్కసారితో అయ్యేది కాదు, మళ్లీ మళ్లీ రమ్మంటారు. మొదటిసారి వెళ్లినవాళ్లే రెండోసారి వెళ్లరు. అందులో వాళ్ల తప్పేముంది?

2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, అంటే బస్తీల్లోనే ఉండే చిన్న ప్రభుత్వ క్లినిక్‌లు, మొదలయ్యాయి. జ్వరానికీ, బీపీకీ, షుగర్‌కీ జనం అక్కడికి నడిచి వెళ్తున్నారు. రక్తపరీక్షలు ఉచితంగా చేయిస్తున్నారు, మందులు ఇస్తున్నారు. నేనూ వెళ్లాను, ఆ సిస్టర్ నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. కానీ అక్కడ పంటి వైద్యులు లేరు. షుగర్ మందులకు వెళ్లిన నన్ను ‘చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా’ అని ఎవరూ అడగలేదు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నెలల సగటు షుగర్ కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అయినా షుగర్ చీటీలో చిగుళ్ల ప్రస్తావనే ఉండదు.

ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద చేయాల్సిన పరీక్షల్లో బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష కూడా ఉంది. అంటే నోరు తెరిపించి, టార్చి వేసి చూడడం కార్యక్రమంలో ఉన్నదే. ఆ టార్చి వెలుగులోనే చిగుళ్లు కూడా కనిపిస్తాయి. ఎర్రగా వాచాయా, రక్తం వస్తోందా, వేర్లు బయటపడ్డాయా, పన్ను కదులుతోందా చూసి రాసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. అందుకు ఆశా కార్యకర్తలకు, నర్సులకు కొద్దిపాటి శిక్షణ ఇస్తే సరిపోతుంది. అదనపు పనికి అదనపు భత్యం కూడా ఇవ్వాలి, ఎందుకంటే వాళ్ల మీద ఇప్పటికే మోయలేనంత భారం ఉంది.

చూసి వదిలేస్తే లాభం లేదు. బీడీఎస్ (దంత వైద్య డిగ్రీ) చదివినవాళ్లు చివర్లో ఏడాది పాటు ఇంటర్న్‌షిప్ చేస్తారు. వాళ్లను ఒక సీనియర్ డాక్టర్ పర్యవేక్షణలో, వారానికి ఒక రోజు చొప్పున, నాలుగైదు బస్తీ దవాఖానాలకు ఒక చోట కూర్చోబెట్టవచ్చు. గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ పెద్ద యంత్రమేమీ కాదు, బల్ల మీద పట్టేస్తుంది. మామూలు క్లీనింగ్ అక్కడే చేసి, ముదిరినవాళ్లను మాత్రమే అఫ్జల్‌గంజ్ పంపితే పెద్దాస్పత్రి మీద ఒత్తిడీ తగ్గుతుంది, పేదవాడికి కూలీ మిగులుతుంది. ఆదివారం పెడితే ఇంకా మంచిది.

వైద్య ఆరోగ్య శాఖ ఈ విషయం ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీ విలేకరి ఒకరిని ఒక ఉదయం అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఓపీ దగ్గరికి పంపండి. వరసలో ఉన్నవాళ్లను ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నేళ్లుగా ఓర్చుకుంటున్నారు, ఆ రోజు కూలి ఎంత పోయింది అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు అచ్చు వేయండి.

– ఒక పాఠకురాలు,
కుషాయిగూడ, హైదరాబాద్