‘ఎలుకలపై రుజువైంది’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఏ ఆకో గింజో కొలెస్ట్రాల్‌ను కరిగించేస్తుందని ఆదివారం పేజీల్లో వచ్చే వార్తలకు తోకలా ‘ఎలుకలపై ప్రయోగాల్లో రుజువైంది’ అన్న ముక్క ఉంటుంది. అది చదివి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర పక్కనపెట్టి పొడి డబ్బా పట్టుకునేవాళ్లు మన కోనసీమలోనూ ఉన్నారు.

మామూలు దాణా తినే ఎలుకకు కొలెస్ట్రాల్ పెరగడమే కష్టం. దాని రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్‌లోనే (‘మంచి కొలెస్ట్రాల్’) ఉంటుంది. మనలో హెచ్‌డీఎల్ నుంచి ఎల్‌డీఎల్ (‘చెడు కొలెస్ట్రాల్’) వైపు దాన్ని చేరవేసే సీఈటీపీ అనే ప్రొటీన్ ఎలుక రక్తంలో ఉండదు. పైగా తిన్న కొలెస్ట్రాల్‌ను కాలేయం చకచకా పిత్తామ్లాలుగా (పిత్తరసంలో ఉండే ఆమ్లాలు) మార్చేస్తుంది. అందుకే ప్రయోగం కోసం దాని కొలెస్ట్రాల్ పెంచడానికి దాణాలో 1 శాతం కొలెస్ట్రాల్, దాంతోపాటు 0.5 శాతం కోలిక్ ఆమ్లం అనే పిత్తామ్లం కలుపుతుంటారు. ఈ ఆమ్లం పేగుల్లో కొలెస్ట్రాల్ బాగా ఇంకేలా చేసి, పిత్తామ్లాల తయారీని అణచిపెడుతుంది. ఇలా పెంచిన అంకెను పేగులో అడ్డుపడే పీచు పదార్థం కూడా దించగలదు. మరికొందరు రక్తంలో కొవ్వును పెంచే ట్రైటాన్ అనే రసాయనాన్ని సూదితో ఎక్కిస్తారు. దాంతో 24 గంటల్లో ఎగబాకిన కొవ్వు, రెండో రోజు మందేమీ ఇవ్వకపోయినా దిగడం మొదలుపెడుతుంది. రక్తం ఏ గంటకు తీశారో చెప్పని ట్రైటాన్ ప్రయోగాన్ని ఎలా నమ్మాలి?

ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవకుండా ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కకట్టడం మరో తప్పు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో (రక్తంలోని మరో రకం కొవ్వు) అయిదో వంతును తీసేసే ఆ లెక్క మనుషుల రక్తానికి కుదిర్చింది. ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగిన ఎలుకలో అది మైనస్‌లోకీ పోతుంది.

దీనికి తలకిందులైన ఉదాహరణ స్టాటిన్లదే. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో కనిపెట్టిన తొలి స్టాటిన్ కాంపాక్టిన్, ఎలుకల రక్తంలో కొలెస్ట్రాల్‌ను తగ్గించనేలేదు. మందు ఏ ఎంజైమును అడ్డుకుందో అదే ఎంజైమును ఎలుక కాలేయం మరింతగా తయారుచేసి లోటు పూడ్చుకుంది. ఎలుక మాటే విని ఉంటే ఆ మందు అటకెక్కేది. గుడ్లు పెట్టే కోళ్లకు (మన అనపర్తి, తణుకు ఫారాల్లో ఉండేలాంటివే) మేతలో కలిపి పెట్టాకే దాని సత్తా బయటపడింది. రక్తంలో కొవ్వు తగ్గించే మరో మందు క్లోఫైబ్రేట్ తీరు వేరు. ఎలుకలో కొలెస్ట్రాల్‌ను దించుతుంది గానీ కాలేయాన్ని పెంచుతుంది, దీర్ఘకాలం ఇస్తే అందులో కణితులూ లేస్తాయి. మనుషుల కాలేయం అలా స్పందించదు.

ఇక మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 200 మి.గ్రా. ఆకు సారం ఇచ్చారనుకుందాం. మనిషికి మార్చాలంటే 6.2తో భాగించాలి. కిలోకు 32 మి.గ్రా. చొప్పున 60 కిలోల మనిషికి రోజుకు 1.9 గ్రాముల పైమాటే. పది గ్రాముల ఎండాకుకు ఒక గ్రాము సారం దిగితే, రోజుకు దాదాపు 19 గ్రాముల ఆకు తినాలి. డబ్బా మీద మాత్రం ‘పూటకు అర చెంచా’!

ఇలాంటి వార్త వేసేటప్పుడు ఏ జంతువు, కొలెస్ట్రాల్‌ను ఎలా పెంచారు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు అన్నవి రాయించండి. ఆ వివరాలు దొరక్కపోతే ‘ఎలుకల్లో’ అన్న మాటను శీర్షికలోకే ఎక్కించండి. స్టెంటు వేయించుకున్నవాళ్లు ఏ వార్త చదివినా సొంతంగా మాత్ర ఆపకూడదన్న వాక్యం కూడా పక్కనే ఉండాలి. కండరాల నొప్పులొస్తే డాక్టరుకు చెప్తే సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) రక్తపరీక్ష చూసి మోతాదు తగ్గిస్తారు, లేదా మరో స్టాటిన్‌కు మారుస్తారు.

– ఫార్మకాలజీ అధ్యాపకులు, అమలాపురం